కారును ఇంటనే శుభ్రపరచుట

శాలంకాయనుల వేంగీపురంగా చరిత్రకారులు గుర్తించిన పెదవేగి నుండి బయలుదేరి, ఏలూరు దాటి, కైకలూరు దారి పట్టిన కారు రెండు నేలలను మోసుకొని ఇల్లు చేరుతుంది. మెట్టప్రాంతపు ఆయిల్‌పామ్ తోటల నడుమ లేచే ఎర్రదుమ్ము ఒకటి. కొల్లేటి గట్ల మీది నల్లబంక రెండవది. కారు కడగడంలో తెలియనిది ఏమున్నదని అనిపించవచ్చు. కాని ఈ రెండూ కారుకు చేసే కీడు ఒక్కటి కాదు. వాటిని వదిలించే తీరు కూడా ఒక్కటి కాదు.

ముందు ఎర్రదుమ్ము సంగతి చూద్దాం. అందులో సన్నని ఇసుక ఉంటుంది. ఇసుకలోని క్వార్ట్జ్ మామూలు ఉక్కుకన్న కఠినమైనది. కారు మీది రంగుపొరలన్నీ కలిపినా మందం మిల్లీమీటరులో పదోవంతుకు అటూ ఇటూగా మాత్రమే. ఒకనాడు ప్రయాణపు తొందరలో పొడిగుడ్డతో నేను దిద్దిన సున్నలు నా కారు బానెట్టు మీద ఎండలో ఇప్పటికీ కనబడుతుంటాయి. కనుక మొదట నీరు, తరువాతనే చేయి.

కారును నీడకు చేర్చి, బానెట్టు చల్లారనివ్వాలి. వేడిరేకు మీద నీరు వెంటనే ఆరి మరకలు కడుతుంది. పైకప్పు మొదలుకొని కిందికి నీటిధార వదిలి దుమ్మును జారనివ్వాలి. ఆపైన రెండు బాల్చీలు కావాలి: ఒకదానిలో కారు షాంపూ కలిపిన నీరు, రెండవదానిలో ఉత్త నీరు. రుద్దిన గుడ్డను ఉత్త నీటిలో జాడించిన తరువాతనే మరల షాంపూనీటిలో ముంచాలి. అంట్ల సబ్బు వాడితే రంగు మీది మైనం కూడా పోతుంది. చక్రాలు తుడిచిన గుడ్డను రంగుకు తాకించరాదు.

కొల్లేటి బంక తీరు వేరు. అది గీరేకన్న అంటుకొనేది ఎక్కువ. మడ్గార్డుల లోపల, తలుపుల అడుగు అంచులలో చేరి, పైకి ఎండినట్లే కనిపిస్తూ లోపల తేమను దాచుకొంటుంది. ఇనుమూ, తేమా, గాలీ కలిస్తే తుప్పు తప్పదు. తలుపుల అడుగున నీరు కారడానికి సన్నని రంధ్రాలు ఉంటాయి. బంక వాటిని మూసివేస్తే వాననీరు తలుపులోనే నిలుస్తుంది. ఈ మట్టిని గోకి తీయరాదు. నీటితో తడిపి, పావుగంట నాననిచ్చి, ధారతో కడగాలి. రంధ్రాలను చీపురుపుల్లతో తెరవాలి.

ఆటపాక పక్షుల కేంద్రానికి వెళ్లి చెట్టుకింద కారు నిలిపినవారికి మరొక పని ఉంటుంది. పక్షిరెట్టలోని ఆమ్లం ఎండలో రంగును తినివేస్తుంది. దానిపై తడిగుడ్డ పరచి, ఐదు నిమిషాలు నానిన తరువాత మెల్లగా ఎత్తివేయాలి.

ఇక ఆరబెట్టడం. బోరునీరు కాచిన గిన్నెకు తెల్లని చార కడుతున్నదంటే, ఆ చారే కారుకూ కడుతుంది. అందుచేత గాలికి వదలక మైక్రోఫైబర్ గుడ్డతో తడి అద్దాలి. కొన్ని నెలలకొకసారి మైనం పూస్తే మట్టి సులువుగా జారుతుంది. ఇంజను మీద నీటిధార వదలరాదు. సబ్బునీటిని చెరువులోకి గాని, కాలువలోకి గాని పోనీయరాదు.

కడిగిన వెంటనే దూరప్రయాణానికి బయలుదేరకండి. తడిసిన బ్రేకులు పట్టు తప్పవచ్చు. కొంతదూరం మెల్లగా నడిపి, ఒకటి రెండుసార్లు బ్రేకు నొక్కి, పట్టు చూచుకొన్న తరువాతనే పెద్దరోడ్డు ఎక్కండి.