తుమ్మచేవ

మందబుద్ధి గలవారిని "తుమ్మమొద్దు" అని నిందించుట మన యిండ్లలో వాడుక. నల్లని పిల్లనుగూడ ఆ మాటతోనే గేలిచేయుదురు. ఆ మొద్దు గుణము నెరిగిన సోదరీమణులు దానిని తిట్టుగా వాడజాలరని మా తలంపు.

నల్లతుమ్మ మనదేశముననే గాక ఆఫ్రికాఖండమునను సహజముగా పెరుగును. నైలునది పేరునుబట్టియే శాస్త్రజ్ఞులు దీనిని "నిలోటికా" యనిరి. ఈజిప్టువారు ముండ్లచెట్టు కర్రను రెండేసి మూరల పలకలుగా కోసి, ఇటుకలవలె పేర్చి, సరకుల పడవలు కట్టుచుండిరని క్రీస్తుపూర్వము 5వ శతాబ్దమున హెరడోటసు అను గ్రీకు చరిత్రకారుడు వ్రాసెను. ఆ చెట్టు తుమ్మజాతిదే. తుమ్మమాను తిన్నగా, పొడవుగా ఎదుగుట అరుదు. కావున పొట్టి పలకలే వారికి గతియయ్యెను.

మన కోనసీమలోను పూర్వులు ఈ సంగతి నెరిగియే నడచుకొనిరి. ఇంటి దూలములకు, వాసములకు తాడియు కొబ్బరియు. కలిగినవారి తలుపులకు టేకు. దెబ్బకును రాపిడికిని ఓర్వవలసిన పనిముట్లకు మాత్రము తుమ్మయే: బండిచక్రములు, నాగళ్లు, గొడ్డలికామలు, గానుగలు, రోకళ్లు. ఆరిన టేకు ఘనమీటరునకు ఇంచుమించు 650 కిలోలు తూగగా, తుమ్మ 800 కిలోల వరకు తూగును. బరువు గల రోకలి తన బరువుతోనే సగము దంచును గదా!

అయితే మానంతయు ఒక్కతీరుగా నుండదు. బెరడు క్రిందనున్న తెల్లని కర్రను పురుగు త్వరగా తొలిచివేయును. లోపలి ఎర్రని చేవయే చిరకాలము నిలుచును. కొట్టినవెంటనే బెరడు తీసి, కొంతకాలము నీటిలో నాననిచ్చి, పిమ్మట నీడపట్టున మెల్లగా ఆరబెట్టవలెను. ఎండలో పడవేసినచో కొనలు బీటలువారును.

కర్ర కొనునప్పుడు మరియొక జాగ్రత్త. సర్కారుతుమ్మ వేరు జాతి. 19వ శతాబ్దమున అమెరికాఖండమునుండి మనదేశమునకు వచ్చినది. నల్లతుమ్మ పూలు పసుపుపచ్చని గుండ్రని బంతులు, కాయ పూసలదండవలె నొక్కులు గలది. సర్కారుతుమ్మ పూలు పొడవైన కంకులు. మాను నిలిచియుండగనే ఈ తేడా చూచుకొనుట మేలు.

ఇప్పుడు బండ్లకు రబ్బరు చక్రములును, దంపుడునకు మరలును వచ్చినవి. తుమ్మ వంటచెరకుగా పొయ్యిపాలగుచున్నది. పొలముగట్టున చేవదేరిన మాను కొట్టించునప్పుడు, పనికివచ్చు తునకను ముందుగా వడ్రంగికి చూపి, మిగిలినదానినే పొయ్యికి వాడుడని మా మనవి.