మీకు తెలుసా? హీటరు వేడి ఇంజనుదే!
పాత పెట్రోలు, డీజిలు కారులలోని హీటరు సాధారణముగా తనకై ప్రత్యేకముగా ఇంధనమును దహింపదు. ఇంజనును చల్లార్చుచు తాను వేడెక్కిన నీటి (కూలెంటు) నుండియే అది ఉష్ణమును గ్రహించును. కొబ్బరితోటల నడుమనున్న అంబాజీపేటలో దానితో ఇంచుమించు పనియే యుండదు గనుక, దాని లోపము పుష్యమాసపు తెల్లవారుజామున చలిగల లంబసింగి కొండ నెక్కునప్పుడు గాని బయటపడదు. ఇంజను బాగుగా కాగిన పిమ్మట హీటరు గొట్టములు రెండును వేడిగా నుండియు గాలి చల్లగనే వచ్చుచున్నచో, దోషము గాలిని మరలించు లోపలి తలుపుదై యుండవచ్చును. ఒకటి వేడిగాను రెండవది చల్లగాను ఉన్నచో హీటరు కోరు (గాలికి వేడినిచ్చు భాగము) పూడుకొనుటయో, దానికి నీటిని విడుచు వాల్వు తెరచుకొనకుండుటయో కారణము. ఉష్ణోగ్రత ముల్లు ఎంతకును పైకి లేవనిచో థర్మోస్టాటు (కూలెంటు ప్రవాహమును అదుపుచేయు కవాటము) తెరచుకొనియే నిలిచిపోయినదని అనుమానింపవలెను. కూలెంటు తగ్గినను హీటరు నీరసించును. అయితే దానిని చూచుటకై ఇంజను వేడిగా నున్నప్పుడు రేడియేటరు మూతను ఎన్నడును తీయకుడు.