కూలి ఇంటి పెరట్లో పావురాల గూడు

కూలి చేసుకు బతికేవాళ్లకు పావురాల సరదా ఏమిటని ఎగతాళి చేసేవాళ్లు ప్రతి వూళ్లోనూ వున్నారు. అదే పావురం మేడ మీద ఎగిరితే దర్జా, పేటలో ఎగిరితే జులాయితనం! కష్టజీవికి పనీ తిండీ తప్ప మరే ముచ్చటా వుండకూడదనే లెక్క ఇది. ఈ లెక్క మనం ఒప్పుకోనక్కర్లేదు. ఇంగ్లండు వుత్తరాదిన బొగ్గుగని కార్మికులు పగలంతా భూమి లోపలి చీకట్లో పనిచేసి, పైకి వచ్చాక ఇళ్ల వెనుక పావురాలను పెంచారు. సండర్లాండు దగ్గర రైహోప్ అనే గనుల వూళ్లో 1955లో కట్టిన ఒక పావురాల గూటిని అక్కడి వాళ్లు రక్షిత కట్టడాల జాబితాలో చేర్చారు. మన పొరుగున ఒడిశాలో పోలీసు శాఖ 1946 నుంచి వార్తలు మోసే పావురాలను పెంచింది. 1999 పెనుతుపానులో తీగలు తెగిపోయినప్పుడు అవి పనికొచ్చాయి. కాబట్టి పావురాలు పెంచే పిల్లవాడిని తిట్టి లాభం లేదు. వాడికి గూడు ఎట్లా కట్టాలో చూపించాలి.

ఎందుకంటే మన పేటల్లో ఇప్పుడు జరుగుతున్నది వేరు. పిల్లలు పైసా పైసా కూడబెట్టి సంతలో ఒక జత తెస్తారు. చూరు కింద ఒక పాత పెట్టె కట్టి, దానికి గోతాం అడ్డం వేసి, గూడయిందంటారు. వారం తిరక్కుండా ఒక రాత్రి పిల్లి పడుతుంది. తెల్లవారి చూస్తే ఈకలు మిగులుతాయి. పిల్లి తప్పిపోతే పందికొక్కు, పందికొక్కు తప్పిపోతే జెర్రిపోతు. ఇవేవీ రాకపోయినా చూరు కింది రెట్ట ఎండి, పొడి అయి, మంచం మీద పడుకున్న ముసలివాళ్ల ముక్కులోకి పోతుంది. ఆ రెట్ట పక్కింటివాళ్ల వడియాల మీద పడితే తగాదా మొదలవుతుంది. పక్షి ప్రాణం, మనిషి వూపిరి, ఇరుగుపొరుగు స్నేహం - మంచి గూడు ఈ మూడింటినీ కాపాడాలి.

చోటు

మన పెరడు ఎంతో మనకు తెలుసు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో పల్లెల్లో పేదలకు పంచిన ఇళ్ల స్థలం సెంటున్నర, అంటే 72 గజాలు. ఇల్లు పోను మిగిలేది చారెడు నేల. అందుకే ఇక్కడ చెప్పే గూడు 4 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు మాత్రమే. ఇది 3 జతలకు, అంటే 6 పక్షులకు సరిపోతుంది. ఒక్కో పక్షికి 2 చదరపు అడుగుల నేల వస్తుంది. పగలు బయట ఎగిరే పావురాలకు ఇది చాలు. ఎప్పుడూ లోపలే వుంచేట్టయితే చాలదు. రెక్క విప్పడానికి వీల్లేని బోనులో పక్షిని పెట్టడం 1960 జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా.

గూడు ఇంటి గోడకు ఆనించకండి. పడుకునే చోటుకు, వంటచోటుకు, నీళ్ల తొట్టికి ఎంత దూరం వీలైతే అంత దూరంలో పెట్టండి. ముఖం తూర్పుకు వుంటే పొద్దుటి ఎండ లోపల పడి తేమ ఆరుతుంది. మధ్యాహ్నం ఎండ వెనుక గోడకు తగులుతుంది. కొమ్మ గాని, ప్రహరీ గాని దగ్గరగా వుంటే పిల్లి అక్కడి నుంచే దూకుతుంది. కొమ్మ అయితే నరకండి. గోడ అయితే ఆ వైపు పలకలు మరింత గట్టిగా బిగించండి.

కట్టుబడి

నాలుగు సరుగుడు బాదులు కావాలి. ముందువైపుకు తొమ్మిదిన్నర అడుగులవి రెండు, వెనుకవైపుకు 9 అడుగులవి రెండు. ఒక్కోటి 2 అడుగుల లోతు పాతాలి. భూమిలో వుండే భాగానికి తారు పూస్తే చెద పట్టడం తగ్గుతుంది. నేల నుంచి 3 అడుగుల ఎత్తున గూటి అడుగు వస్తుంది. దాని మీద ముందు నాలుగున్నర అడుగులు, వెనుక 4 అడుగులు. కప్పు వెనక్కి వాలుతుంది కాబట్టి వాననీరు గుమ్మంలో కారదు.

ఇంత ఎత్తున ఎందుకు? తేమ తగలదు, ఎలుక కింద బొరియ పెట్టి లోపలికి రాలేదు, మనిషి నిలబడే శుభ్రం చేసుకోవచ్చు. లోపలికి దూరి కూర్చుని దుమ్ము పీల్చాల్సిన అవసరం వుండదు.

కాళ్లకు, గూటి అడుగుకు కాస్త కింద, అడుగున్నర వెడల్పు నున్నటి రేకు చుట్టి మేకులు కొట్టండి. ఎలుక, పందికొక్కు కర్ర పట్టుకు పాకుతాయి గాని నున్నటి రేకు మీద వాటి గోళ్లు ఆనవు. రేకుకు కింద గ్రీజు పూసిన గుడ్డపేలిక కట్టండి. అది చీమలకు. కొత్తగా పుట్టిన పిల్లలకు చీమ కూడా శత్రువే. కాళ్లకు ఆనించి కట్టెలు, చీపుర్లు, సైకిలు పెడితే ఈ పనంతా వృథా. అవే నిచ్చెనలవుతాయి.

అడుగుకూ, వెనుకకూ, పక్కలకూ పండ్ల పెట్టెల పలకలు చాలు. సందు లేకుండా కొట్టాలి. వెదురు తడిక చల్లగా వుంటుంది గాని ఎలుక ఒక్క రాత్రిలో కొరికేస్తుంది. తడికే పెట్టాలనుకుంటే లోపలివైపు రేకు గాని మెష్ గాని కొట్టక తప్పదు. పగిలిన సిమెంటు రేకుల ముక్కలు ఎక్కడైనా పడివున్నాయని తెచ్చి కోయకండి. వాటిలో ఆస్‌బెస్టాస్ వుంటుంది. కోసినప్పుడు లేచే పొడి వూపిరితిత్తులకు విషం. కప్పుకు పాత ఇనుప రేకు వేసి, ఎండ తగ్గడానికి పైన తాటాకు కప్పి కట్టండి. చూరు అన్నివైపులా అడుగు బయటికి వుండాలి.

ముందువైపంతా రెండు రెక్కల తలుపు. పక్క పలకలకు పైన అడుగు మేర గాలి కోసం వదలాలి. ఈ రెండు చోట్లా మెష్ వస్తుంది. ఇక్కడే చాలామంది చవక చూసి మోసపోతారు. ఆరు మూలల కళ్లతో వుండే కోళ్ల మెష్ కోడిని లోపల వుంచుతుంది గాని ఎలుకను బయట వుంచదు. అది పలుచని తీగ, కన్ను పెద్దది. అరంగుళం కన్ను వున్న వెల్డ్ మెష్ అడగండి. 4 అడుగుల పన్నాలో 6 అడుగులు తెస్తే తలుపులకూ, పక్క కిటికీలకూ సరిపోతుంది. అంచుల మీద రీపరు పెట్టి మేకు కొట్టాలి. వట్టి మేకులతో వదిలేస్తే పిల్లి గోరు వేసి లాగుతుంది. తలుపుకు వట్టి గొళ్లెం చాలదు. గడియ వేసి దానిలో తీగ మెలిపెట్టండి.

తలుపు పైన 6 అంగుళాల చదరం కన్నం ఒకటి, దాని ముందు వాలడానికి చిన్న పలక. సాయంత్రం దీన్ని మూసే జారుడు పలక కూడా వుండాలి. పావురాలన్నీ వచ్చాయో లేదో లెక్క చూసి పొద్దుగూకకముందే మూయాలి. రోజూ ఈ పని చేసే మనిషి ఇంట్లో ఎవరో ముందే అనుకోండి. ఎంత గట్టిగూడయినా మూయని రాత్రి పనికిరాదు.

పిల్లి భయంతో గూటి చుట్టూ కరెంటు తీగ చుట్టేవాళ్లు అక్కడక్కడా వున్నారు. అది పిల్లికి కాదు, చీకట్లో పెరట్లోకి వెళ్లిన మన పిల్లలకు తగులుతుంది. ఆ పని ఎవరు చేసినా పదిమందీ వెళ్లి పీకించాలి.

లోపలి అమరిక

వెనుక గోడకు ఆనించి అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు గదులు, వరుసకు నాలుగు చొప్పున రెండు వరుసలు. ఎనిమిది జంటలకు గదా ఎనిమిది గదులు, మనకున్నవి మూడు జతలే గదా అనుకోవద్దు. పావురం ఒక ఈడు పిల్లలు గూడు వదలకముందే మళ్లీ గుడ్లు పెడుతుంది. అందుకే జతకు రెండు గదులు కావాలి. గదికొక మట్టి మూకుడు పెట్టి, పక్కన ఎండుపుల్లలు పడేస్తే అవే సర్దుకుంటాయి. వాలడానికి రెండంగుళాల వెడల్పు చదునైన రీపర్లు కొట్టండి.

పావురం ఈతకు రెండు గుడ్లు పెడుతుంది. 17, 18 రోజులు పొదుగుతుంది. పొదగడంలో మగదీ ఆడదీ వంతులు వేసుకుంటాయి. పిల్లలకు మొదట పెట్టేది గింజలు కాదు. పెద్ద పక్షుల మెడలోని సంచిలో వూరే పాలవంటి పదార్థం. అది తల్లికే కాదు, తండ్రికీ వూరుతుంది. అంటే ఒక్క రాత్రి పిల్లి ఒక పక్షిని పట్టుకుపోతే, మిగిలిన పక్షి రెండింతల చాకిరీ చెయ్యాలి. పిల్లలు దక్కడం కష్టం.

ఇట్లా వదిలేస్తే ఏడాదిలో మూడు జతలు మందవుతాయి. మందకు ఈ గూడు చాలదు, మన కూలీ చాలదు. గుడ్లు తీసిపారేస్తే పక్షి వెంటనే మళ్లీ పెట్టి నీరసిస్తుంది. గుడ్డు ఆకారంలో చెక్కిన తెల్లచెక్క ముక్కలు మార్చి పెడితే తన గడువు దాకా పొదిగి తనే లేచిపోతుంది.

మేత, నీళ్లు

ఒక్కో పక్షికి రోజుకు 30, 40 గ్రాముల గింజలు చాలు. ఆరింటికీ నెలకు ఆరేడు కిలోలు. జొన్నలు, సజ్జలు, నూకగా కొట్టిన మొక్కజొన్న, కొద్దిగా పెసలు కలపండి. పళ్లు లేని ప్రాణి గనుక గింజ నలగడానికి ముతక ఇసుక, పొడిచేసిన గుల్ల విడిగా పెట్టాలి. సాయంత్రం మిగిలిన మేత తీసెయ్యాలి. రాత్రి వదిలిన గింజలే ఎలుకకు దారి చూపుతాయి.

పొలం పనివాళ్లకు రెండు హెచ్చరికలు. విత్తనాలు వేసేనాడు మిగిలిన గింజలు కొంగున కట్టుకు తెచ్చి పావురాలకు చల్లకండి. ఎర్రగానో నీలంగానో రంగు పట్టించిన గింజలకు మందు కలిపి వుంటుంది. పక్షులు చస్తాయి. ఆ చెయ్యి మన నోటికీ పోతుంది. అట్లాగే పురుగుమందు డబ్బా ఎన్నిసార్లు కడిగినా నీళ్లకు పనికిరాదు. పావురం ముక్కు ముంచి నీళ్లు పీల్చుకు తాగుతుంది కాబట్టి అంగుళం లోతయినా వుండే మట్టి చిప్ప పెట్టి రోజూ మార్చండి.

రెట్ట, దుమ్ము, దగ్గు

ఇది అన్నింటికన్నా ముఖ్యం. ఎండిన రెట్ట దుమ్మూ, ఈకల పొడీ ఏళ్ల తరబడి పీలిస్తే కొందరికి వూపిరితిత్తులు వాచి గట్టిపడతాయి. గూడు శుభ్రం చేసిన కొన్ని గంటలకు జ్వరం, పొడిదగ్గు, ఆయాసం రావడం దాని గుర్తు. మన జనం అసలే కళ్లంలో వడ్ల దుమ్ము, కల్లాల్లో మిరప ఘాటు, పొగాకు బేరన్ల పొగ పీల్చేవాళ్లు. దానికి ఇది తోడు కాకూడదు.

గూటి అడుగున పలకల మీద చదివేసిన పత్రికలు పరవండి. పదిమందికీ చదివి వినిపించాకే సుమా! రెండు రోజులకోసారి కాగితం మీద నీళ్లు చిలకరించి, మడిచి, గోతిలో వేసి మన్ను కప్పండి. పొడి రెట్టను చీపురుతో వూడవొద్దు. తడిపి గీకండి. ముక్కుకు మాస్కు గాని, అది లేకపోతే మడతలు పెట్టిన తడిగుడ్డ గాని కట్టండి. తర్వాత చేతులు సబ్బుతో కడగండి. అప్పుడప్పుడు ఖాళీ గూటికి సున్నం కొట్టి ఆరనివ్వండి. వుబ్బసం వున్నవాళ్లకు, చిన్నపిల్లలకు ఈ పని చెప్పవద్దు.

ఇంట్లో ఎవరికైనా దగ్గు తగ్గకపోతే సర్కారు ఆస్పత్రిలో కళ్లె పరీక్ష చేయించుకోండి. డబ్బు తీసుకోరు. అదే సమయంలో ఇంట్లో పావురాలున్నాయని డాక్టరుకు చెప్పి తీరాలి. మనం చెప్పకపోతే ఆయనకు తట్టదు. పక్షుల వల్లే జబ్బని తేలితే ఇంక గూడు ఎంత బాగున్నా లాభం లేదు, పావురాలను ఇచ్చెయ్యాల్సిందే.

పక్షి మెడ మెలితిరిగినా, గొంతులో పసుపుపచ్చ పొర కట్టినా, ముక్కు చుట్టూ పొక్కులు లేచినా దాన్ని విడిగా గంప కింద వుంచి పశువుల ఆస్పత్రికి తీసుకుపోండి. కోళ్లనూ పావురాలనూ ఒకే గూట్లో పెట్టవద్దు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో కోళ్లకు బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు ఎంత నష్టం జరిగిందో చూశాం. పక్షులు ఒక్కసారిగా చస్తుంటే వట్టి చేతులతో ముట్టుకోకుండా కబురు చెయ్యాలి.

కొత్త పక్షులను రెండు మూడు వారాలు లోపలే వుంచి, మెష్‌లోంచి చుట్టుపక్కల చూడనివ్వాలి. తర్వాత సాయంత్రం మేతకు ముందు, ఆకలి మీద వదిలితే తిరిగొస్తాయి. తుపాను హెచ్చరిక వస్తే గంపల్లో వేసి మీతోపాటు తీసుకుపోండి. గువ్వలను, పచ్చపావురాలను మాత్రం వలవేసి పట్టి గూట్లో పెట్టకండి. అవి అడవి పక్షులు, 1972 వన్యప్రాణి చట్టం కింద కేసు అవుతుంది.

పేట కట్టుబాటు

ఒక్క ఇంటికి మెష్ కొనాలంటే బరువే. నాలుగిళ్లవాళ్లు కలిసి 24 అడుగులు ఒకేసారి తెచ్చుకుంటే దుకాణంలో బేరం కుదురుతుంది. రంపం ఒకరిది, సుత్తి ఒకరిది. వడ్రంగం వచ్చినవాడు ఒక్కడుంటే నాలుగు గూళ్లూ లేస్తాయి. ఈ ఆదివారం ఒకరి గూడు, వచ్చే ఆదివారం మరొకరిది. మనకు బదులు పనులు కొత్త కాదు గదా.

దానికి ముందు పేటలో పదిమందీ కూర్చుని నాలుగు మాటలు అనుకోండి: ఇంటికి మూడు జతలకు మించి వద్దు, పొద్దుగూకకముందే గూళ్లు మూయాలి, రెట్ట గోతిలోనే వెయ్యాలి, పక్కింట్లో దగ్గు రోగి వుంటే గూడు అటువైపు కట్టకూడదు. ఆ కూర్చునే చోటికి పావురాల పిల్లవాళ్లనూ పిలవండి. గూళ్లు మూసే పని వాళ్లదే కాబట్టి మాట వాళ్లే ఇవ్వాలి.