జుర్రేరు లోయలో తోబా బూడిద

కర్నూలు జిల్లా పడమటి అంచున కోసిగి చుట్టూ కనిపించే గుట్టలు అగ్నిపర్వతాలు కావు; భూగర్భంలో నెమ్మదిగా గట్టిపడిన గ్రానైటు, పైనున్న పొరలు కొట్టుకుపోవడంతో బయటపడి అలా నిలిచింది. అయినా అగ్నిపర్వతపు దెబ్బను ఆదిమానవులు ఎలా తట్టుకున్నారో చెప్పే అరుదైన ఆధారం పాత కర్నూలు జిల్లాలోనే, నేటి నంద్యాల జిల్లా బనగానపల్లె ప్రాంతంలోని జ్వాలాపురం దగ్గర, జుర్రేరు లోయలో ఉంది.

సుమారు 74,000 సంవత్సరాల కిందట సుమత్రా దీవిలోని తోబా అగ్నిపర్వతం బద్దలైంది. గత 20 లక్షల ఏళ్లలో అంతటి విస్ఫోటనం మరొకటి లేదు. అక్కడినుంచి 2,500 కిలోమీటర్లకు పైగా గాలిలో వచ్చిన బూడిద, అంటే కరిగిన రాయి పగిలి ఏర్పడిన సన్నని గాజు రేణువులు, ఈ లోయపై కురిసింది. వానలకు చుట్టుపక్కల వాలుల నుంచి కొట్టుకొచ్చి పల్లంలో చేరిన బూడిద కొన్నిచోట్ల 2 మీటర్లకు మించి పేరుకుంది. బళ్లారి వైపు కనిపించే బూడిద దిబ్బలు వేరు. అవి కొత్తరాతియుగపు పశుపాలకులు పేడకుప్పలను కాల్చగా మిగిలినవి.

ధార్వాడలోని కర్ణాటక విశ్వవిద్యాలయంలో అప్పటి ఆచార్యుడు రవి కొరిశెట్టర్, పురావస్తు శాస్త్రవేత్త మైఖేల్ పెట్రాగ్లియా బృందం ఇక్కడ జరిపిన తవ్వకాల ఫలితాలు 2007లో ‘సైన్స్’ పత్రికలో వెలువడ్డాయి. బూడిద పొరకు కిందా, పైనా మధ్య పాతరాతియుగపు రాతి పనిముట్లు దొరికాయి. రాతిని చెక్కిన తీరు రెండుచోట్లా దగ్గరగా ఉండడం వల్ల ఆ జనం పూర్తిగా అంతరించలేదని ఆ బృందం వాదించింది. ఆ పొరల్లో మానవ ఎముకలు దొరకనందున వారు మనవంటి ఆధునిక మానవులా, అంతకు ముందరి జాతివారా అన్న చర్చ తెగలేదు.

కష్టం లేదని మాత్రం అనలేము. బంగాళాఖాతపు అడుగుమట్టిలో దొరికిన పుప్పొడి, విస్ఫోటనం తరువాత అడవులు తగ్గి గడ్డిభూములు పెరిగాయని సూచిస్తున్నది. చిన్న గుంపులుగా తిరుగుతూ, దగ్గర దొరికే సున్నపురాయితోనూ చెకుముకిరాయితోనూ పనిముట్లు చేసుకున్న మనుషులకు, పంటనూ పశువునూ నమ్ముకున్న తరువాతి సమాజాల కంటే తట్టుకునే వీలు ఎక్కువగా ఉండి ఉంటుందనడం సబబే.

గిన్నెలు తోమే పొడి తయారీకి ఈ బూడిదను తవ్వి అమ్ముతూ వచ్చారు. తవ్విపోసిన పొరను తిరిగి పేర్చలేము గనుక, మిగిలిన భాగాన్నైనా ప్రభుత్వమూ స్థానికులూ కాపాడుకోవాలి.