ఎడిటర్‌కు తెలుగు అక్షరాల లెక్క

ప్రోగ్రామర్లు వాడే మైక్రోసాఫ్ట్ ఎడిటర్ వీఎస్ కోడ్‌లో ‘తెలుగు’ అని టైప్ చేసి సెలెక్ట్ చేస్తే, కింది పట్టీలో 6 అని కనిపిస్తుంది. బడిపిల్లల్ని అడిగితే మూడక్షరాలే అంటారు. యూనికోడ్‌లో త, ల, గలకు మూడు కోడ్‌లు, వాటికి పట్టిన ఎత్వానికీ రెండు కొమ్ములకూ మరో మూడు. ఎడిటర్ లెక్కపెట్టేది ఈ కోడ్‌లను. మనకు అక్షరాల లెక్క కావాలంటే ఎలా?

మైక్రోసాఫ్ట్ ఇచ్చేదాకా ఎదురుచూడక్కర్లేదు. ఎడిటర్‌కు కొత్త పని నేర్పే చిన్న ఎక్స్‌టెన్షన్ రాసుకుంటే సరిపోతుంది. 2015 ఏప్రిల్‌లో బయటికొచ్చిన వీఎస్ కోడ్‌కు ఆ సదుపాయం అదే ఏడాది నవంబరులో వచ్చింది. ఆ బృందాన్ని నడిపిన ఎరిక్ గామా అంతకుముందు పనిచేసిన ఎక్లిప్స్ అనే ప్రోగ్రామింగ్ సాధనం కూడా ఇలాంటి ప్లగిన్ల మీద ఆధారపడిందే.

కంప్యూటర్‌లో జావాస్క్రిప్ట్‌ను నడిపే నోడ్ జేఎస్ ఉంటే, ‘యో కోడ్’ అనే పనిముట్టు పేరు, భాష వంటి కొన్ని ప్రశ్నలు అడిగి ఫోల్డర్ సిద్ధం చేసి పెడుతుంది. అందులో అసలైనవి రెండే ఫైళ్లు. ‘ప్యాకేజ్ డాట్ జేసన్’ హోటల్లో మెనూ బోర్డు లాంటిదైతే, ‘ఎక్స్‌టెన్షన్ డాట్ టీఎస్’ వంటిల్లు. ‘అక్షరాలు లెక్కపెట్టు’ అనే కమాండ్ ఉందని మొదటిది చెబుతుంది. ఎవరైనా ఆ కమాండ్ అడిగినప్పుడే రెండోదానికి పని పడుతుంది. అందుకే ఎక్స్‌టెన్షన్లు ఎన్ని ఉన్నా, అవన్నీ ఒక్కసారే లేచి కూర్చోవు.

రాయాల్సిన కోడ్ పది లైన్లు దాటదు. సెలెక్ట్ చేసిన పాఠాన్ని తీసుకుని, జావాస్క్రిప్ట్‌లోని ‘ఇంట్ల్ సెగ్మెంటర్’కు ఇస్తే, అది గుణింతపు గుర్తుల్ని హల్లుతో కలిపి ముక్కలు చేస్తుంది. ఆ ముక్కల సంఖ్యను సందేశంగా చూపిస్తే సరి.

ఎఫ్5 నొక్కగానే పరీక్ష కోసం మరో కిటికీ తెరుచుకుంటుంది. అక్కడ ‘తెలుగు’ను సెలెక్ట్ చేసి, కంట్రోల్, షిఫ్ట్, పి కలిపి నొక్కి మన కమాండ్‌ను ఎంచుకుంటే కుడివైపు కింది మూలన 3 వస్తుంది.

‘కమాండ్ నాట్ ఫౌండ్’ అని వచ్చిందా? రెండు ఫైళ్లలోనూ కమాండ్ ఐడీ అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉందో లేదో ముందు చూసుకోవాలి.

ఎక్స్‌టెన్షన్లు ఎడిటర్ తెరతో సంబంధం లేని వేరే ప్రాసెస్‌లో నడుస్తాయి. మన కోడ్ అంతులేని లూప్‌లో చిక్కుకున్నా, టైపింగ్ మాత్రం సాగుతూనే ఉంటుంది. అలాగని భద్రతకు ఢోకా లేదనుకోకూడదు. ఎడిటర్‌కు ఉన్న అనుమతులన్నీ ఎక్స్‌టెన్షన్‌కూ ఉంటాయి. ఫైళ్లు చదవగలదు, నెట్‌లోకి పంపగలదు. ఊరూపేరూ లేనివాళ్లవి వేసుకునే ముందు, రాసిందెవరో చూసుకోవాలి.

మన ఎక్స్‌టెన్షన్‌ను పంచుకోవడానికి, ఎక్స్‌టెన్షన్లు దొరికే మార్కెట్‌ప్లేస్ తప్పనిసరేమీ కాదు. ‘వీఎస్‌సీఈ ప్యాకేజ్’ అనే ఆదేశంతో వీఎస్ఐఎక్స్ ఫైలు తయారవుతుంది. దాన్ని మెయిల్లో పంపితే, అవతలివాళ్లు ఎక్స్‌టెన్షన్ల మెనూలోంచి నేరుగా ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు.