పాత పైసలను చింతపండుతో తోమకండి

ఆసిఫాబాద్: దీపావళి లక్ష్మీపూజ నాడు మన ప్రాంతంలో ఎన్నో ఇళ్లలో సందుగ అడుగు నుంచి ఓ చిన్న బట్టమూట బయటికి వస్తుంది. అందులో నాలుగైదు వెండి రూపాయలు, ఒకటి రెండు రాగి పైసలు ఉంటాయి. వాటిని పాలతో కడిగి, పసుపు కుంకుమలు పెట్టి పూజిస్తారు. మర్నాడు చింతపండుతో తళతళలాడేలా తోమి మళ్లీ మూట కట్టేస్తారు. భక్తికి ఇందులో లోటేమీ లేదు. అయితే ఏటేటా ఆ నాణేల మీది అక్షరాలు కొంచెం కొంచెంగా అరిగిపోతున్నాయన్న సంగతి ఇంట్లో ఎవరికీ తోచదు.

ఆ మూటతోనే నాణేల సేకరణ మొదలుపెట్టాలని ముచ్చటపడే విద్యార్థులు ముందుగా తెలుసుకోవలసింది కొత్తవి ఎక్కడ కొనాలన్నది కాదు. ఉన్నవాటిని ఎలా ఉంచాలన్నది.

అరిగితే పోయేదేమిటో ఒక్క హాలీ సిక్కా రూపాయిని చూస్తే తెలుస్తుంది. దాని మీద చార్మినార్ బొమ్మ ఉంటుంది. నడిమి కమాను కింద ఒక చిన్న ఉర్దూ అక్షరం కనిపిస్తుంది. అది ‘మీమ్’ అయితే నాణెం ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కాలానిది. ‘ఐన్’ అయితే ఏడవ నిజాం ఉస్మాన్ అలీఖాన్‌ది. పైన కనిపించే 92 అంకెను చూసి సంవత్సరమని పొరబడేవారున్నారు. అది మహమ్మద్ ప్రవక్త పేరును అక్షర సంఖ్యల్లో సూచించే అంకె. అసలు సంవత్సరం హిజ్రీ లెక్కలో వేరే ఉంటుంది. 1343 అని ఉంటే అది మన లెక్కకు 1924-25. చింతపండు పులుపు, బూడిద గరుకు కలిసి ముందుగా తినేసేది ఇలాంటి సన్నని గీతలనే. వెండి మీది నలుపు, రాగి మీది ముదురు గోధుమ రంగు మురికి కాదు. ఏళ్ల తరబడి గాలికి ఏర్పడిన పొర అది. ఎరిగిన సేకరణదారులు ఆ పొర చెడని నాణేన్నే కోరుకుంటారు. తోమిన దానికి వెల సగానికి సగం పడిపోవడం మామూలే.

మట్టి అంటుకుని ఉంటే బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌లో కొంతసేపు నానబెట్టి, మెత్తటి నూలు బట్ట మీద ఆరనివ్వాలి. రుద్దకూడదు. నాణేన్ని ఎప్పుడూ అంచులు పట్టుకునే ఎత్తాలి. చేతి చెమటలోని ఉప్పు రాగి మీద వేలిముద్రను ముద్రవేసినట్టే నిలుపుతుంది. పూజకు పెట్టాలనుకుంటే ఒక్క రూపాయిని అందుకని కేటాయించి, తక్కినవాటిని ముట్టకుండా వదిలితే అమ్మమ్మా నొచ్చుకోదు, నాణేలూ చెడవు.

ఇక దాచడం. ఆసిఫాబాద్, తిర్యాణి, సిర్పూరు అడవి ప్రాంతాలలో వానాకాలమంటే గోడలు చెమ్మగిల్లే కాలం. మట్టిగోడలోని గూడు, వంటింటి అటక నాణేలకు పనికిరావు. లోపలి గదిలో, నేలకు ఎత్తుగా, మూత గట్టిగా పట్టే ఉక్కు డబ్బా చాలు. కొత్త చెప్పుల పెట్టెలో, మందు సీసాలో వచ్చే చెమ్మ పీల్చే పొట్లాలు రెండు అందులో వేసి, వానలు పడ్డంతకాలం మారుస్తుండాలి. ఒక్కో నాణేన్ని వేరువేరు తెల్ల కాగితపు కవరులో పెట్టాలి. వార్తాపత్రిక ముక్కల్లో చుట్టవద్దు (మన పత్రికైనా సరే). రబ్బరు బ్యాండులోని గంధకం వెండిని నల్లబరుస్తుంది. ఘాటు వాసన వేసే మెత్తటి ప్లాస్టిక్ కవర్లు మరీ ప్రమాదం. కొన్నేళ్లకు రాగి మీద పచ్చటి జిగట పేరుకుంటుంది. సీసపు నాణెమైతే కొత్త కర్రపెట్టెలోనూ ఉంచరాదు. కర్ర నుంచి వచ్చే ఆవిరికి సీసం తెల్లటి పొడిగా మారిపోతుంది.

వేల రూపాయల ఆల్బంలు కొనవలసిన పని లేదు. 1964 నుంచి 1971 వరకు వచ్చిన ఆరు మూలల మూడు పైసలు, నలుచదరపు ఐదు పైసలు, 2011 జూన్ 30 తర్వాత చెల్లకుండా పోయిన చారాణాలతో మొదలుపెట్టే పిల్లవాడికి అంత ఖర్చంటే చారాణా కోడికి బారాణా మసాలాయే.

పాఠశాలల్లో పంద్రాగస్టుకు పెట్టే ప్రదర్శనల్లో నాణేలను చార్టుకు జిగురుతోనో టేపుతోనో అంటించడం మామూలుగా కనిపిస్తుంది. టేపు ఊడదీసేటప్పుడు నాణెం మీద మరక మిగులుతుంది. దానికి బదులు, దళసరి తెల్ల అట్టలో నాణెం పట్టేంత రంధ్రం కోసి, ఇరువైపులా గట్టి పాలిస్టర్ షీటు పెట్టి అంచులకు పిన్నులు కొట్టాలి. పిన్ను నాణేనికి తగలకూడదు. బొమ్మ, బొరుసు రెండూ కనిపిస్తాయి, ఎవరు ముట్టినా వేలు నాణేనికి అంటదు. ఇప్పటి నాణేలైతే సంవత్సరమున్న వైపును పైకి పెడితే మేలు. సంవత్సరం కింద చిన్న నక్షత్రం ఉంటే అది హైదరాబాద్ టంకశాలలో తయారైనదని పిల్లలే కనిపెడతారు. 1903 నుంచి ఆ టంకశాల నడిచిన సైఫాబాద్ భవనంలో 2022లో నాణేల మ్యూజియం తెరిచారు. పట్నం వెళ్లినవారు చూసి రావచ్చు.

మన దగ్గర ఇంతకంటే పాత ప్రదర్శన పద్ధతి ఒకటుంది. అది గోండు, లంబాడా ఆడవాళ్ల మెడలోని రూపాయల పేరు. కొక్కెం అతికించిన నాణేనికి వ్యాపారి తక్కువ వెల కడతాడు. ఆ మాటకు లోబడి కొక్కేలు ఊడగొట్టడం, పేరు తెంచి విడిగా అమ్మడం తగని పని. ఏ రూపాయి పక్కన ఏది కూర్చారో, ఎవరి తర్వాత ఎవరు ధరించారో చెప్పేది మొత్తం పేరే గాని విడి నాణెం కాదు.

అందుకే కవర్లతో పాటు ఒక నోటుబుక్కు తప్పనిసరి. కవరు మీద వరుస సంఖ్య వేసి, నోటుబుక్కులో అదే సంఖ్య దగ్గర నాణెం ఎవరిచ్చారు, ఏ ఊరు, ఏ తేదీ అని రాయాలి. కవరు మీది రాత నాణెం లోపల పెట్టకముందే ముగించాలి. ఇది చాదస్తం కాదు. గోదావరి ఆవలి ఒడ్డున కోటిలింగాలలో నేల మీద దొరికిన చిన్న నాణేలను పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారు 1970లలో చదివినందువల్లనే శాతవాహనుల మొదటి రాజు శ్రీముఖుని పేరు ఆ నాణేల మీద ఉన్నట్టు లోకానికి తెలిసింది. అవి ఎక్కడ దొరికాయో తెలియకపోతే వాటి విలువ సగమే. పెద్దబంకూరు తవ్వకాల్లో కుండతో సహా బయటపడిన వేలాది శాతవాహన నాణేలు అక్కడే, ఆ స్థితిలోనే దొరికాయి గనుక చరిత్రకు పనికొచ్చాయి.

నాగలికి కుండ తగిలితే మాత్రం అది సేకరణలోకి చేరేది కాదు. 1878 నాటి నిధి చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన నిధి భూమిలో దొరికితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. దాస్తే నేరం. తెలిపినవారికి వాటా దక్కే ఏర్పాటు కూడా ఆ చట్టంలోనే ఉంది. కబురు అందేవరకు కుండను కడగకుండా, నాణేలను విడదీయకుండా, మట్టితోనే నీడలో ఉంచాలి.