కోయడానికి కప్ప లేదు, సూది వేయడానికి బొమ్మ ఎలుక

"ప్లస్ వన్‌లో బయాలజీ తీసుకుంటే తర్వాత కాలేజీలో కప్పను కోయాలా సార్?" పదో క్లాసు రిజల్ట్స్ వచ్చిన ప్రతిసారీ ఈ మాట వినిపిస్తుంది. మార్కులుండీ ఈ భయంతో గ్రూపు మార్చుకునే పిల్లలున్నారు. అందుకే ఈ నాలుగు మాటలు.

కప్ప సంగతి తేలికే. జువాలజీ పాఠం కోసం జంతువులను కోయడం మానేయమని యూజీసీ 2014లోనే కాలేజీలకు చెప్పింది.

మందుల పరిశోధనలో మాత్రం చేతికి అలవాటు కావాలి. చిట్టెలుక బరువు 20 నుంచి 30 గ్రాములు. దాని తోక పక్కనుండే సన్నని రక్తనాళంలోకి సూది దించాలి. నోట్లోంచి కడుపులోకి మందు పంపాలి. గొట్టం కాస్త దారి తప్పితే ఊపిరి గొట్టంలోకి పోతుంది. నేర్చుకునేవాళ్ళ చెయ్యి తడబడితే బాధ ఎలుకకే కదా!

ఇక్కడే త్రీడీ ప్రింటర్ పనికొస్తోంది. సీటీ స్కాన్‌తో ఎలుక లోపలి ఆకారం తీసి కంప్యూటర్‌లోకి ఎక్కిస్తారు. ప్రింటర్ ప్లాస్టిక్ తీగను సుమారు 200 డిగ్రీల వేడిలో కరిగించి, మురుకుల గొట్టంలోంచి పిండి దిగినట్టు, పొర మీద పొర వేసుకుంటూ పోతుంది. ఒక్కో పొర మందం 0.2 మిల్లీమీటర్లు, అంతకు అటూ ఇటూ. ఎముకలకు ఆ గట్టి ప్లాస్టిక్ చాలు. మెత్తటి చర్మం కావాలంటే ప్రింట్ చేసిన అచ్చులో సిలికాన్ పోస్తారు. తోకలో సన్నని గొట్టం పెట్టి ఎర్రనీళ్ళు నింపితే, సూది సరిగ్గా దిగిందో లేదో సిరంజిలో రంగు చూసి తెలుసుకోవచ్చు. తప్పు పోతే మళ్ళీ మొదలుపెట్టొచ్చు, ఎన్నిసార్లయినా.

అయితే దీంతో అంతా అయిపోయిందంటే నమ్మకండి. బొమ్మ బెదరదు, గింజుకోదు. బెదిరిన ఎలుకను నొప్పి కలగకుండా పట్టుకోవడం బొమ్మ నేర్పలేదు. పరిశోధనలోకి వెళ్ళేవాళ్ళు చివరికి ప్రాణమున్నదాన్ని ముట్టుకోవాల్సిందే, కాకపోతే చెయ్యి కుదిరాక.

ఇదేమీ కొత్త ఆలోచన కాదు. వీలైతే జంతువుకు బదులు మరొకటి, తప్పకపోతే తక్కువ జంతువులు, వాటికీ తక్కువ బాధ అని రసెల్, బర్చ్ అనే ఇద్దరు ఇంగ్లండ్ శాస్త్రవేత్తలు 1959లో పుస్తకమే రాశారు. మన దేశపు 1960 నాటి జంతు హింస నివారణ చట్టంలోనూ ఉంది: పుస్తకాలు, నమూనాలు, ఫిల్ములతో పని జరిగే చోట జంతువులపై ప్రయోగాలు వద్దని, చేతి నేర్పు కోసమే అయితే వీలైనంత వరకు చేయరాదని.

కాబట్టి ఫార్మసీకో వెటర్నరీకో అడ్మిషన్‌కి వెళ్ళినప్పుడు, ఫీజు వివరాలతో పాటు, ప్రాక్టికల్స్ ముందు బొమ్మల మీద చేయిస్తారా అని కూడా అడగండి.